సెమాగ్లూటైడ్ గొడవ అర్థం కావాలంటే 2002 జూలైకి వెళ్లాలి

షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్ మందు కేసు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మార్కెట్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: జనరిక్ (అదే మందును వేరే కంపెనీ చవగ్గా తయారుచేసి అమ్మేది) వస్తే డాక్టర్ రెడ్డీస్ షేరు ఎక్కడిదాకా పోతుంది? ఆ మందు కనిపెట్టిన డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ 2025లో డాక్టర్ రెడ్డీస్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడం, మందును ఇక్కడ తయారుచేసి పేటెంట్ లేని దేశాలకు పంపుకోవడాన్ని ఆపడానికి డిసెంబర్‌లో కోర్టు ఒప్పుకోకపోవడం, ఇక్కడి పేటెంట్ గడువు 2026 మార్చిదాకానే ఉండటం, ఇవన్నీ ఇప్పటికే చదివి ఉంటారు. కానీ ఈ రెండు కంపెనీలూ ఒకప్పుడు ఒకే షుగర్ మందు మీద కలిసి పనిచేశాయన్న సంగతి చాలామందికి గుర్తులేదు. ఆ మందు పోయిన తర్వాత ఎవరేం చేశారన్నదే ఇప్పటి కథకు అసలు మూలమని నా నమ్మకం.

ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, 1970 పేటెంట్ చట్టం, హైదరాబాద్ బల్క్ డ్రగ్స్ రాజధాని కావడం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి 1993లో మియాపూర్‌లో పరిశోధన సంస్థ పెట్టిన దగ్గర మొదలుపెడదాం. అప్పటికి ఇక్కడ కంపెనీలు చేసేది ఒకటే, వేరేవాళ్లు కనిపెట్టిన మందును వేరే పద్ధతిలో చవగ్గా తయారుచేయడం. కొత్త మాలిక్యూల్, అంటే మందుగా పనికొచ్చే కొత్త రసాయనం, మనమే కనిపెడదామన్నారు ఆయన. 1997లో తొలి మాలిక్యూల్ బాలాగ్లిటాజోన్‌ను నోవోకు లైసెన్స్‌కు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ తన సొంత మాలిక్యూల్‌ను విదేశీ కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదలు. మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ వెళ్లింది. రక్తంలో చక్కెరనూ కొవ్వునూ ఒకే మాత్రతో తగ్గించాలన్నది దాని లక్ష్యం, అది మూడో దశ ట్రయల్స్ దాకా చేరింది.

2002 జూలైలో నోవో ఆ ట్రయల్స్ ఆపేసింది. మందు ఇచ్చిన ఎలుకల్లో మూత్రాశయ కణితులు కనిపించాయి.

దానికి సరిగ్గా పదకొండు నెలల ముందు, 2001 ఆగస్టులో, డాక్టర్ రెడ్డీస్‌కు అమెరికాలో ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జనరిక్‌ను 180 రోజుల పాటు పోటీ జనరిక్ లేకుండా అమ్ముకునే ప్రత్యేక హక్కు దొరికింది. ఎలై లిల్లీ వాళ్ల డిప్రెషన్ మందు ప్రోజాక్‌కు జనరిక్ అది. లాభం ఒక్కసారిగా ఎగసింది. అలా ఏడాది తిరక్కుండానే ఇన్వెస్టర్ల ముందు రెండు ఉదాహరణలు వచ్చి నిలబడ్డాయి, ఒకటి ఆరు నెలల్లో డబ్బు తెచ్చిన జనరిక్, ఇంకోటి దాదాపు పదేళ్ల శ్రమ తర్వాత కూలిపోయిన సొంత మందు. మార్కెట్ ఏది నేర్చుకుందో చెప్పక్కర్లేదు.

ఆ పాఠం తప్పని ఎందుకంటున్నానంటే, రాగాగ్లిటజార్ పోయింది హైదరాబాద్ సైంటిస్టులకు పని చేతకాక కాదు, ఆ మందుల కుటుంబమే అంత కష్టమైనది. మెర్క్ అలాంటి తన మందును 2003లో ఎలుకల్లో కణితుల వల్లే ఆపింది, ఆస్ట్రాజెనెకా టెసాగ్లిటజార్‌ను 2006లో వదిలేసింది, గుండె మీద అనుమానాలతో బ్రిస్టల్ మయర్స్ మురాగ్లిటజార్ కూడా అదే ఏడాది పోయింది. తేడా ఎక్కడొచ్చిందంటే, మెర్క్ షుగర్ పరిశోధన మానలేదు, 2006లోనే సిటాగ్లిప్టిన్ తెచ్చింది. నోవో కూడా మానలేదు. 90లలోనే మొదలుపెట్టిన జీఎల్‌పీ-1 (చక్కెరనూ ఆకలినీ అదుపుచేసే హార్మోన్) పనిని కొనసాగించి లిరాగ్లూటైడ్ తెచ్చింది, 2017లో అమెరికా అనుమతి పొందిన సెమాగ్లూటైడ్ తెచ్చింది. ఒకే మందు పోగొట్టుకున్న రెండు కంపెనీల్లో ఒకదాని చేతిలో సెమాగ్లూటైడ్ పేటెంట్ ఉండింది, ఇంకోటి ఆ పేటెంట్ గడువు తీరడం కోసం ఎదురుచూసింది.

నోవో వెనక ఒక ఫౌండేషన్ ఉంది, ఓటు హక్కుల్లో నాలుగింట మూడొంతులకు పైగా దానివే. ఒక క్వార్టర్ బాగాలేదని దాన్ని ఎవరూ బెదిరించలేరు. మన దగ్గర పరిశోధన ఖర్చు ఆ ఏడాది లాభంలోంచే నేరుగా కోత పడుతుంది, షేర్‌హోల్డర్లు వెంటనే అడుగుతారు. 2004లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఫైజర్ వైపు తీర్పిచ్చి డాక్టర్ రెడ్డీస్ బీపీ మందు అమ్లోడిపిన్ మాలియేట్‌ను అడ్డుకుంది, ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరంలో డాక్టర్ రెడ్డీస్ లాభం బాగా కుంగిపోయింది. అంటే భద్రమనుకున్న జనరిక్ దారీ భద్రంగా లేదు. అయినా కోత పడింది కొత్త మందుల మీదే. 2005లో నాలుగు మాలిక్యూల్స్‌ను పెర్లెకాన్ అనే విడి కంపెనీకి మార్చి, ఐసీఐసీఐ వెంచర్, సిటీగ్రూప్ వెంచర్ డబ్బు తీసుకున్నారు. తెలివైన ఏర్పాటే, రిస్కు పంచుకోవడానికి అంతకంటే ఏం చేస్తారు? కానీ అది మూడేళ్లు నిలవలేదు, మాలిక్యూల్స్ మళ్లీ సొంత ఇంటికే వచ్చాయి, ఆ తర్వాత కొత్త మందుల వేట చిన్నదైపోయింది.

అనలిస్టులు చెప్పేదీ ఒకటుంది. మెర్క్ అమ్మకాలతో పోలిస్తే డాక్టర్ రెడ్డీస్ చాలా చిన్నది, పది మందులు పోగొట్టుకునే స్తోమత దానికి లేదు, చవక జనరిక్స్ వల్ల కోట్లమందికి మందు అందింది. అందులో నిజముంది.

కానీ జైడస్ సంగతి చూడండి. అందరూ వదిలేసిన అదే గ్లిటజార్ కుటుంబంలో సరోగ్లిటజార్‌ను పట్టుకుని వేలాడి, 2013 జూన్‌లో ఇక్కడ అనుమతి తెచ్చుకుంది. పూర్తిగా భారత్‌లోనే కనిపెట్టి మార్కెట్ దాకా తెచ్చిన తొలి కొత్త మందుగా దాన్ని చెబుతారు. అంజిరెడ్డి ఆ ఏడాది మార్చిలోనే పోయారు. ఇక గ్లెన్‌మార్క్ అనుబంధ సంస్థ ఐజీఐ 2025 జూలైలో ఒక క్యాన్సర్ మందును ఆబ్‌వీకి ఇచ్చి ముందస్తుగానే 70 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అదే గ్లెన్‌మార్క్‌ను ఆ పరిశోధన ఖర్చు గురించి మార్కెట్ ఏళ్ల తరబడి నిలదీసింది.

అందుకే యాన్యువల్ రిపోర్టులో ఆర్ అండ్ డీ శాతం చూసి ఊరుకోవద్దని నా మాట. ఆ అంకెలో జనరిక్స్, బయోసిమిలర్స్ (జీవకణాలతో చేసే మందుల నకళ్లు), కొత్త మందులు అన్నీ కలిసిపోయి ఉంటాయి. కొత్త మందుల వాటా ఎంత, గత పదేళ్లలో ఏవి ఆపేశారు, ఆపేసినప్పుడు ఆ టీమ్‌ను ఉంచుకున్నారా పంపేశారా అని కాన్ఫరెన్స్ కాల్‌లో అడగండి.