హెచ్-ఇండెక్స్ తక్కువైతే ఔషధ రసాయన పరిశోధన తక్కువదేనా? అపోహలు - వాస్తవాలు

అధ్యాపక నియామకాల ప్రకటన వెలువడితే చాలు, మెడిసినల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ ముగించిన యువకులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, నా హెచ్-ఇండెక్స్ నాలుగే, దరఖాస్తు పెట్టమంటారా?" అంటే, ఇతరులు కనీసం నాలుగేసి సార్లు ఉదహరించిన పత్రాలు వారికి నాలుగున్నాయన్నమాట. తప్పకుండా పెట్టమంటాను. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. దాన్ని పెంచి పోషిస్తున్న వదంతుల మీదే నాకు సహనం లేదు.

అపోహ: సైటేషన్లు ఎక్కువగా ఉన్న పనే గొప్ప పని.

వాస్తవం: ఒక పత్రాన్ని ఇతరులు తమ రాతల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారో సైటేషన్ చెబుతుంది, అంతే. 1997లో లిపిన్‌స్కీ బృందం ప్రకటించిన 'రూల్ ఆఫ్ ఫైవ్' పత్రం మన రంగంలో అత్యధికంగా ఉదహరించబడే వాటిలో ఒకటి. అందులో కొత్త మందేమీ లేదు. అణుభారం 500, లాగ్‌పీ (కొవ్వులో కరిగే గుణాన్ని సూచించే కొలత) 5 దాటడం వంటివి ఉంటే నోటి ద్వారా ఇచ్చిన అణువు సరిగా శోషణ కాకపోవచ్చునని హెచ్చరించే కొలబద్దలున్నాయి. తమ అణువులకు ఆ కొలతల పట్టిక ఒకటి వేసి, ఆ పత్రాన్ని ఉదహరించడం అందరికీ ఆనవాయితీ అయింది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు విషయమే చూడండి. 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతిని దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలలన్నీ ఉదహరించాయి. కానీ అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన నాయకత్వాన తయారైన అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) సోకిన పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం వెలువరించిన పత్రంలో రచయితగా ఆయన పేరే లేదు. ఆ పత్రానికి వచ్చిన సైటేషన్లలో ఒక్కటి కూడా ఆయన ఖాతాలో చేరదు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతికశాస్త్రవేత్త; జీవశాస్త్రాల్లో ఈ అంకె ఎక్కువగా ఉంటుందని, రంగాల మధ్య పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరమని ఆయనకూ తెలుసు. మన పనిలో ఒక శ్రేణి అణువులను సంశ్లేషించి, శుద్ధిచేసి, పరీక్షించేసరికి నెలలు గడుస్తాయి. కంపెనీలో పనిచేసినవారైతే పేటెంట్ దరఖాస్తు దాఖలయ్యేదాకా నోరు మెదపలేరు. మా ప్రయోగశాలలో ఒక విద్యార్థిని, అందరూ ఆశలు పెట్టుకున్న అణువు నిజానికి ఎంజైమును నిరోధించడం లేదని, పరీక్షలో వెలువడే రంగునే చెడగొడుతోందని ఎంతో ఓపికగా నిరూపించింది. ఆ పని పత్రంగా రాలేదు గాని, మిగిలినవారి శ్రమ వృథా కాకుండా ఆపింది. అలాంటి పనిని ఏ అంకె లెక్కిస్తుంది?

అపోహ: పెద్ద ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నల్‌లో వస్తే పత్రమూ అంత మంచిదే.

వాస్తవం: అది గత రెండేళ్ల వ్యాసాలకు ఆ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు. కొద్ది పత్రాలే ఆ సగటును పైకి లాగుతాయి. సమీక్షలు ప్రచురించే కెమికల్ రివ్యూస్‌కు అది 50 దాటితే, కొత్త అణువులను ప్రకటించే జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీకి ఏడు దరిదాపుల్లో ఉంటుంది. వ్యక్తుల మదింపుకు దీన్ని వాడవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన డోరా ప్రకటన స్పష్టంగానే చెప్పింది.

అపోహ: గూగుల్ స్కాలర్ అంకే అసలు అంకె.

వాస్తవం: అది సిద్ధాంత గ్రంథాలను, ప్రీప్రింట్లను (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టిన పత్రాలను) కూడా లెక్కిస్తుంది కాబట్టి, ఎంపిక చేసిన ప్రచురణలనే లెక్కించే స్కోపస్ డేటాబేస్‌లో అంకె సాధారణంగా తక్కువగా కనబడుతుంది. దరఖాస్తులో ఏది ఎక్కడి అంకెయో రాయండి.

అపోహ: డబ్బు కట్టి వారంలో పత్రం వేయించుకోకపోతే పీహెచ్‌డీ రాదు.

వాస్తవం: యూజీసీ 2022 నిబంధనలు పత్రప్రచురణను తప్పనిసరి చేయలేదు. మీ విశ్వవిద్యాలయం విడిగా నియమం పెట్టుకుందేమో కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. హాస్టల్ కబుర్లు నమ్మి ఫెలోషిప్ డబ్బు ఆ జర్నళ్లకు ధారపోయకండి.