పడుగు పోగు తెగితే మగ్గం ఆగుతుందా? డ్రాపర్ల గురించి అపోహలు - వాస్తవాలు

మగ్గం వెనక్కి వెళ్లి వంగి చూడండి. పడుగు (గుడ్డలో నిలువు పోగులు) చుట్టిన బీము మీద నుంచి, వెనక ఉండే బ్యాక్ రెస్ట్ కడ్డీ దాటి, పోగులను పైకీ కిందకీ కదిపే హీల్డుల వైపు సాగే వేల పోగుల మీద సన్నటి ఉక్కు రేకులు వరసలు కట్టి వేలాడుతుంటాయి. ఒక్కో పోగుకి ఒక్కో రేకు. డ్రాపర్ అనండి, డ్రాప్ వైరు అనండి, డ్రాప్ పిన్ను అనండి, వస్తువు అదే. పోగు తెగితే రేకు కిందకి జారుతుంది, మగ్గం ఆగుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ మగ్గాల మెయింటెనెన్స్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న నేను చూసినంతలో, ఈ రేకుల గురించిన తప్పుడు నమ్మకాల వల్ల పాడైన గుడ్డ తక్కువేం కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్లు అడిగేవీ, అనుభవం ఉన్నవాళ్లు కూడా గట్టిగా వాదించేవీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డ్రాపర్ పోగు తెగడాన్ని కనిపెడుతుంది.

వాస్తవం: డ్రాపర్‌కి తెగడం అంటే తెలీదు. తనని మోస్తున్న పోగు బిగువుగా ఉందా, వదులుగా ఉందా అన్నదొక్కటే దానికి తెలుసు. బిగువు ఉన్నంతసేపు పోగు మీద నిలబడుతుంది, బిగువు పోతే తన బరువుతో తనే కిందకి వస్తుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద రాసినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

దీనివల్ల తప్పు రెండు వైపులా జరగొచ్చు. పోగు తెగకపోయినా వదులైతే మగ్గం ఆగుతుంది. పోగు తెగినా బిగువు పోకపోతే మగ్గం ఆగదు. మొదటిది విసుగు పుట్టిస్తుంది, రెండోది గుడ్డను పాడుచేస్తుంది.

రెండోది ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. సాదా నేత గుడ్డ. నిలువునా ఒక సన్నటి గీత, దాని పక్కనే కాస్త లావుగా ఇంకో గీత. ముప్పై మీటర్ల పైనే అలా నేసుకుంటూ వచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే డ్రాపర్లన్నీ పైనే ఉన్నాయి, ఒక్కటీ పడలేదు. ముందుకి వచ్చి హీల్డులకీ, పేకను (అడ్డ పోగును) గుడ్డలోకి కొట్టే దువ్వెన లాంటి రీడుకీ మధ్య టార్చి వేసి వెతికితే దొరికింది. తెగిన పోగు కొస హీల్డు దాటాక, ఒక పోగును వదిలి ఆ పక్క పోగుకి తాడులా చుట్టుకుని, దాంతో పాటే రీడులోకి పోతోంది. సాదా నేతలో ఒకటి వదిలి ఒకటి పోగులు కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. అందుకే ఆ రెండూ ఎక్కడా ఒరుసుకోలేదు. జత పోగు లాక్కెళుతున్నంతసేపు తెగిన పోగు కూడా బిగువుగానే ఉంది, డ్రాపర్ పైనే ఉంది. సన్నటి గీత పోగు లేని చోటు, లావు గీత రెండు పోగులు జంటగా పోయిన చోటు. అక్కడ ఏ వైరింగూ చెడలేదు, ఏ సెట్టింగూ తప్పలేదు. గంజి సరిగా పట్టక నూగు లేచిన పడుగు అది. నూగు లేచిన పడుగు మీద, పోగు తెగితే మగ్గాన్ని ఆపే ఏర్పాటును, అంటే ఏ స్టాప్ మోషన్‌నీ పూర్తిగా నమ్మలేం.

అపోహ: పోగు తెగిన క్షణమే మగ్గం ఆగాలి. ఆగలేదంటే సెన్సార్ పాడైనట్టే.

వాస్తవం: కాస్త లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 600 పిక్కులు (పేక పోగులు) వేసే మగ్గంలో ఒక పిక్కుకి పట్టేది 100 మిల్లీసెకన్లు. ఏ అడ్డూ లేకుండా ఒక సెంటీమీటరు కిందకి పడాలంటేనే ఏ వస్తువుకైనా సుమారు 45 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే దాదాపు సగం పిక్కు అక్కడే అయిపోయింది. డ్రాపర్ పక్క రేకులకి ఒరుసుకుంటూ పడుతుంది కాబట్టి ఇంకాస్త ఆలస్యం. ఆపైన వచ్చిన సంకేతం నిజమైనదేనా అని కంట్రోలు చూసుకోవాలి, బ్రేకు పట్టాలి. ఇదంతా అయ్యేసరికి ఆ పోగు లేకుండానే ఒకటి రెండు పిక్కులు పడిపోవడం మామూలే. పోగు ముడివేసి మళ్లీ తోలే ముందు గుడ్డ అంచు దగ్గర ఆ పిక్కులు చూసుకోవడం మగ్గం నడిపేవారి పని. అదే పనిగా నాలుగైదు పిక్కులు దాటి ఆగుతుంటే అప్పుడు ఫిట్టర్‌ని పిలవండి.

అపోహ: బరువైన డ్రాపర్ వేస్తే గట్టిగా పడుతుంది, కాబట్టి అదే మంచిది.

వాస్తవం: బరువైన రేకు త్వరగా పడుతుందన్నది సగమే నిజం. నూగు అడ్డొచ్చినప్పుడు దాన్ని తోసుకుని పడగలదు, అంతవరకే. ఆ బరువునంతా పగలూ రాత్రీ మోయాల్సింది పోగే. సన్న నూలు మీద బరువు రేకు వేస్తే ప్రతి పిక్కుకీ అది పోగును కిందకి లాగుతూ, ఒరుస్తూ ఉంటుంది. లావు నూలు మీద మరీ తేలిక రేకు వేస్తే అది నూగు మీద తేలుతుంది, పోగు తెగినా పడదు. నూలు నంబరు (ఎంత సన్నం, ఎంత లావు), పోగుల చిక్కదనం చూసి రేకు బరువూ మందమూ ఎంచుకోవాలి. ఒక బార్ (ఒక వరస రేకుల గాడిలోంచి సాగే కడ్డీ, పడిన రేకు దీన్ని తాకితే మగ్గం ఆగుతుంది) మీద రేకులు కిక్కిరిసిపోతే ఎంత బరువున్నా పక్కవాటి మధ్య ఇరుక్కుని నిలబడిపోతాయి. అప్పుడు వరసల సంఖ్య పెంచాలి, లేదా పల్చటి రేకులు వేయాలి.

అపోహ: మగ్గం ఊరికే ఆగుతుంటే పడుగు కాస్త బిగిస్తే సరిపోతుంది.

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే అలవాటు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

షెడ్డు, అంటే పేక దూరడానికి పడుగు పోగుల మధ్య ఏర్పడే సందు, తెరుచుకున్నప్పుడు పోగులు బిగుసుకుంటాయి, మూసుకున్నప్పుడు వదులవుతాయి. ప్రతి పిక్కులోనూ ఇలా జరుగుతుంది. వదులైన ఆ క్షణంలో రేకులు కాస్త గంతులేస్తాయి. బార్ ఎత్తు ఎక్కువగా పెట్టి ఉంటే ఆ గంతులోనే ఏదో ఒక రేకు బార్‌ని తాకుతుంది, మగ్గం ఆగుతుంది. వెనక్కి వెళ్లి చూస్తే తెగిన పోగు ఉండదు. రెండు మూడు సార్లు ఇలా అయ్యేసరికి పడుగు బిగువు పెంచేస్తారు. రేకులు గంతులు మానేస్తాయి, ఊరికే ఆగడం పోతుంది. గంట తిరిగేసరికి నిజంగానే పోగులు తెగడం మొదలవుతుంది, ఎందుకంటే సాగే గుణం అయిపోయిన నూలు రీడు దెబ్బకి తట్టుకోలేదు. ముందు ఉత్త ఆగుళ్లు, ఇప్పుడు అసలైన తెగుళ్లు. మగ్గం ఆగే లెక్క తగ్గకపోగా ప్రతిసారీ ముడి వేసే పని కూడా తోడైంది.

బిగువు జోలికి వెళ్లే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. డ్రాపర్ బార్ ఎత్తు, బ్యాక్ రెస్ట్ ఎత్తు, షెడ్డు మూసుకునే టైమింగు. అన్ని చోట్లా రేకులు గంతులేస్తున్నాయా, ఒక పక్కనే వేస్తున్నాయా అన్నది కూడా గమనించండి. ఒక పక్కనే అయితే బీము చుట్టడంలోనే అక్కడ వదులు వచ్చి ఉంటుంది. ఎలక్ట్రానిక్ కంట్రోలు ఉన్న మగ్గాల్లో ఎంతసేపు తాకితే నిజమని లెక్కపెట్టాలో మార్చుకునే సెట్టింగు ఉంటుంది. దాన్ని పెంచితే ఊరికే ఆగడం తగ్గుతుంది కానీ, నిజంగా తెగినప్పుడు కూడా అంతే ఆలస్యంగా ఆగుతుంది. ఆ సెట్టింగును చివరగా ముట్టుకోండి.

అపోహ: డ్రాపర్ల దగ్గర నూగు చూడటానికే బాగోదు, పనికి అడ్డం కాదు.

వాస్తవం: ఎలక్ట్రికల్ బార్ ఎలా ఉంటుందో తెలిస్తే ఈ మాట ఎవరూ అనరు. బయట ఒక లోహపు పట్టీ, లోపల ఇంకో పట్టీ, రెండూ తాకకుండా మధ్యలో ఇన్సులేషన్. రేకు పై గాడి ఏటవాలుగా కోసి ఉంటుంది, కాబట్టి పడినప్పుడు కాస్త ఒరిగి రెండు పట్టీలనీ ఒకేసారి తాకుతుంది. సర్క్యూట్ కలుస్తుంది, మగ్గం ఆగుతుంది. పట్టీల మీద పొడి నూగూ గంజి పొడీ పేరుకుంటే రేకు పడినా లోహాన్ని తాకదు, మగ్గం ఆగదు. అదే పొడి తేమ పీల్చుకుని రెండు పట్టీల మధ్య అట్ట కడితే రేకు పడకుండానే సర్క్యూట్ కలుస్తుంది, మగ్గం ఊరికే ఆగుతుంది. పత్తి నూలు నేసే హాళ్లలో తేమ 75 నుంచి 80 శాతం దాకా ఉంచుతారు కాబట్టి ఇది అరుదుగా జరిగేది కాదు. మురికి ఒకటే, పొడిగా ఉంటే ఒక జబ్బు, తడిస్తే దానికి పూర్తిగా ఎదురు జబ్బు.

పాత పద్ధతి మెకానికల్ స్టాప్ మోషన్‌లో కరెంటు ఉండదు. పళ్లున్న బార్ ఒకటి అటూ ఇటూ కదులుతుంటుంది, పడిన రేకు ఆ పళ్ల మధ్య ఇరుక్కుని కదలికను ఆపుతుంది, ఆ ఆగడమే మగ్గాన్ని ఆపుతుంది. దానికి తేమ బాధ లేదు కానీ, పళ్ల సందుల్లో నూగు గట్టిపడితే రేకు పూర్తిగా దిగదు.

శుభ్రం చేయడానికి గాలి గొట్టం ఒక్కటే నమ్ముకోకండి. ఊదితే పైన ఉన్న నూగు రేకుల సందుల్లోకి దూరుతుంది, మిగిలింది పక్క మగ్గం పడుగు మీద వాలుతుంది. బ్రష్, వాక్యూమ్ మేలు. బీము మార్చే రోజు బార్‌లు బయటికి తీసి పొడి గుడ్డతో తుడవడానికి మించిన అదను దొరకదు.

అపోహ: డ్రాపర్ పోగును పట్టుకుంటుందే కానీ తెంపదు.

వాస్తవం: ఏళ్ల తరబడి పోగు రాసుకున్న రేకు కంటిలో, అంటే పోగు దూరే రంధ్రంలో, సన్నటి గాడి పడుతుంది. కంటికి ఆనదు. సన్నటి నూలు ముక్క ఆ కంట్లోంచి దూర్చి అటూ ఇటూ లాగి చూడండి, గాడి ఉంటే గరగరమని వేలికి తెలుస్తుంది, నూలు మీద నూగు లేస్తుంది. తుప్పు పట్టిన రేకూ అంతే. ఒకే పోగు ఒకే చోట మళ్లీ మళ్లీ తెగుతుంటే నూలుని తిట్టుకునే ముందు ఆ పోగు రేకుని మార్చి చూడండి.

అపోహ: మంచి స్టాప్ మోషన్ ఉంటే తెగుళ్లు తగ్గుతాయి.

తగ్గవు. అది కబురు చెబుతుంది, అంతే. తెగుళ్లు తగ్గేది నూలు బలం, వార్పింగ్ (పడుగు చుట్టడం), గంజి, తేమ, బిగువు సరిగా ఉంటే. కానీ ఆ కబురుని సరిగా రాసుకుంటే చాలా పనికొస్తుంది. తెగుళ్లను లక్ష పిక్కులకి ఎన్ని అని లెక్కపెడతారు. 600 పిక్కుల మగ్గం లక్ష పిక్కులు వేయడానికి ఆగకుండా నడిస్తే 2 గంటల 47 నిమిషాలు. లక్షకి 3 పడుగు ఆగుళ్లంటే సుమారు 55 నిమిషాలకి ఒకసారి మగ్గం దగ్గరికి వెళ్లాలన్నమాట. ఇందులో ‘తెగిన పోగు దొరికింది’, ‘దొరకలేదు’ అని రెండు గడులు విడిగా రాయమంటాను. మొదటి గడి పెరిగితే గంజి వేసేవారితో మాట్లాడాలి, రెండోది పెరిగితే ఫిట్టర్ స్పానర్ పట్టుకుని రావాలి. రెండూ కలిపి ఒకే అంకె రాస్తే ఎవరి పనో ఎవరికీ తెలీదు.

అపోహ: విసిగిస్తుంటే స్టాప్ మోషన్ తీసేసి నడపొచ్చు, కళ్లతో చూసుకుంటే చాలు.

వాస్తవం: ఒక చోట రాత్రి షిఫ్టులో బార్ మీద ఇన్సులేషన్ టేపు అంటించి నడిపారు. తెల్లవారి నన్ను పిలిచారు. అప్పటికి తెగిన మూడు పోగుల కొసలు పక్కవాటిని చుట్టుకుని షెడ్డులో వల కట్టాయి, పేక ఆ వల పైనుంచి పోయి గుడ్డ మీద అరచేయంత మేర నేత లేకుండా తేలిపోయింది. ఆ రాత్రి నేసిన చుట్ట మొత్తం రెండో రకం కింద పోయింది. టేపు అంటించిన మనిషి బద్ధకస్తుడేం కాదు. పదే పదే ఊరికే ఆగుతుందని మూడు రోజులుగా చెబుతుంటే పట్టించుకున్నవాళ్లు లేరు.

కళ్లతో చూసుకోవడం ఒక మనిషి ఒక మగ్గం నేసినప్పుడు కుదురుతుంది. 1894-95 నాటికి అమెరికాలో డ్రేపర్ కంపెనీ నార్త్రప్ మగ్గాన్ని తెచ్చినప్పుడు, పేకను అటూ ఇటూ మోసే నాడెలో నూలు అయిపోతే మగ్గమే కొత్త కండె వేసుకునే ఏర్పాటు అందులో ఉంది. దాంతో ఒక మనిషి చాలా మగ్గాలు చూసుకోగలిగే వీలొచ్చింది. కానీ పడుగు తెగితే ఆపే దిక్కు లేకుండా అన్ని మగ్గాలు ఎవరు చూడగలరు? అందుకే ఆ మగ్గంతో పాటే పడుగు స్టాప్ మోషన్ కూడా వచ్చింది. ఈ రెండూ మొదటి నుంచీ జోడీ.

అపోహ: లేజర్లు, కెమెరాలు వచ్చాయి, డ్రాపర్ల కాలం చెల్లింది.

వాస్తవం: రేకు బరువుకే దెబ్బతినే ఫిలమెంట్ (అతుకు లేని సన్నటి పొడుగు దారం) పడుగుల్లో, పడుగు పోగులతో చేసే అల్లిక అయిన వార్ప్ నిట్టింగ్‌లో కాంతి పుంజంతో పనిచేసేవి బాగా పనికొస్తాయి. తెగిన కొస పుంజానికి అడ్డొస్తే యంత్రం ఆగుతుంది. కానీ అన్ని పోగులకీ కలిపి ఒకే పుంజం కాబట్టి ఏ పోగు తెగిందో అది చూపించదు. డ్రాపర్ అయితే తనే కిందకి పడి చోటు చూపిస్తుంది. నూలు నేతలో ఇప్పటికీ డ్రాపర్లే ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం.

అపోహ: మగ్గం నడుస్తోందంటే స్టాప్ మోషన్ పనిచేస్తున్నట్టే.

వాస్తవం: పాడైన స్టాప్ మోషన్ ఉన్న మగ్గమే ఆగకుండా చక్కగా నడుస్తుంది. ఆ రోజు ఉత్పత్తి కూడా బాగా కనిపిస్తుంది. అందుకే ఒక బార్ మీద ఆగుళ్లు ఒక్కసారిగా తగ్గిపోతే నాకు అనుమానం వస్తుంది.

పరీక్షకి అయిదు నిమిషాలు చాలు. మగ్గం ఆపి, ఎవరూ స్టార్ట్ చేయకుండా పక్కన మనిషిని పెట్టుకోండి. బార్‌లో ఉండేది తక్కువ వోల్టేజి, దానికి భయపడక్కర్లేదు. చెయ్యి లోపల ఉండగా మగ్గం కదలడమే అసలు ప్రమాదం. ఒక్కో బార్‌కి ఎడమ చివర, మధ్య, కుడి చివర ఒక్కో రేకుని వేలితో కిందకి నొక్కి బార్‌ని తాకించండి. సిగ్నల్ దీపం వెలగాలి. చివర వెలిగి మధ్యలో వెలగకపోతే అక్కడ పట్టీ మీద పొర కట్టినట్టు, తుడవాలి. ఎక్కడా వెలగకపోతే వైరు కనెక్షన్ చూడండి. తర్వాత వేలు తీసేసి గమనించండి, నొక్కిన రేకు పోగు బిగువుతో వెంటనే పైకి లేవాలి. లేవకుండా సగంలో నిలబడిపోయిందంటే అది పక్క రేకులకి పట్టేసింది. ఆ రేకుని, దానికి చెరో పక్కన ఉన్న రెండేసి రేకుల్ని తుడిచి, మళ్లీ నొక్కి చూడండి.