దిగే సరుకు, ఎక్కే సరుకు

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

మారిషస్ దేశం అమ్మే సరుకుకన్నా కొనే సరుకు విలువ రెండింతలకు పైగా ఉంటుందని చదివి, "ఏటా ఇలాగే అయితే వాళ్ళ డబ్బు అయిపోదా తాతయ్యా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మన కోరంగి రేవునుంచి చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువారి మునిమనవలు ఇప్పటికీ ఆ దీవిలో ఉగాది చేసుకుంటున్నారు కనుక, దాని జమాఖర్చులు మనకు బొత్తిగా పరాయివి కావు.

నా చిన్నతనం గోదావరి లంకలో గడిచింది. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు, చివరికి బియ్యం కూడా మాకు పడవలోనే రావాలి. మేము పంపగలిగినవి పొగాకు, అరటి గెలలు. వచ్చే పడవ అంచుదాకా మునిగి వచ్చేది, పోయేది తేలిపోతూ పోయేది. వరదకు పడవలు ఆగితే మా అమ్మ కిరసనాయిలు సీసాను వెలుతురుకెత్తి, మిగిలింది ఎన్ని రాత్రులకు సరిపోతుందో చూసి, బుడ్డి వత్తిని గోరంత దించేది. పొదుపు నేర్పడానికి అంతకన్నా మంచి గురువు లేదని నా నమ్మకం.

మారిషస్‌నూ సముద్రంలోని లంక అనుకోండి. పన్నెండున్నర లక్షల మందికి కావలసిన పెట్రోలు, బియ్యం, గోధుమలు, కార్లు, యంత్రాలు పోర్ట్ లూయీ రేవులో దిగుతాయి. పెట్రోలు చాలా ఏళ్ళపాటు మన మంగళూరునుంచే వెళ్ళింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతుల్లో నూటికి తొంభై పాళ్ళకు పైగా పంచదారే. 1970లో ఎగుమతి పరిశ్రమలకు ప్రత్యేక చట్టం చేసి బట్టల మిల్లులు పెట్టించారు, ఆ తరువాత ట్యూనా చేపల డబ్బాలూ పెరిగాయి. అయితే ఆ చొక్కాకు దూదీ నూలూ, ఆ డబ్బాలోకి చేపలో చాలా భాగమూ బయటినుంచే రావాలి కనుక, ఎగుమతి పెరిగినప్పుడల్లా దిగుమతీ కొంత పెరుగుతుంది. దీవిలో నిలిచేది చేసిన పనికి వచ్చే కూలీ, లాభమూ మాత్రమే. పంచదారకు ఐరోపా దేశాలు ఇస్తూ వచ్చిన మంచి ధరను 2006నుంచి అంచెలంచెలుగా 36 శాతం తగ్గించేశాయి.

మరి లోటు ఎలా పూడుతుంది? మా లంకనుంచి కొందరు ఉత్త చేతులతో పడవెక్కి, రాజమండ్రిలో పనిచేసి, కూలి డబ్బు మొలలో దోపుకుని వచ్చేవారు. ఆ సంపాదన పడవ బరువులో కనిపించదు. మారిషస్‌కు అలాంటి కనిపించని రాబడి పర్యాటకులనుంచీ, పరదేశపు పెట్టుబడుల వ్యవహారాలు చూసే బ్యాంకులనుంచీ వస్తుంది. 2019లో సుమారు 13.8 లక్షల మంది, అంటే దీవి జనాభాకన్నా ఎక్కువమంది, చూడటానికి వచ్చారు. కరోనాకు 2020 మార్చిలో సరిహద్దులు మూసేసరికి ఆ ఏటి లెక్క 3 లక్షల దరిదాపుకు పడిపోయింది. తిండికీ ఇంధనానికీ ఓడలు మాత్రం రాక తప్పదు. డాలర్లు కరవై అక్కడి రూపాయి విలువ తగ్గింది, దానితో దిగుమతయ్యే ప్రతి సరుకూ ప్రియమైంది. మా లంకకు సొంత రూపాయి లేదు కనుక ఆ కష్టమొక్కటి మేము ఎరగము. సరుకుల లోటుకన్నా, దాన్ని పూడ్చే డబ్బు రెండు మూడు దారుల్లోనే రావడం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు రేవులో గంటసేపు కూర్చుని, పంటు మీదనుంచి ఏమి దిగుతోందో, ఏమి ఎక్కుతోందో రెండు వరుసల్లో రాయండి. ఉత్త చేతులతో ఎక్కేవాళ్ళను ఏ వరుసలో రాయాలో మీలో మీరు వాదించుకుని, తేలకపోతే నా దగ్గరికి రండి.

ఇట్లు,
మీ తాతయ్య