చెడ్డవాడు బాగుపడుతుంటే కడుపు మండుతోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా పాస్టరుగా ఒక క్రైస్తవ సంఘం చూసుకుంటున్నాను. ప్రార్థన విన్నపాల్లో అప్పులు, జబ్బులు, పెళ్లి సంబంధాలు అన్నీ వస్తాయి గానీ "అయ్యగారూ, నా పొలం గట్టు జరిపినవాడు మూడంతస్తుల మేడ కట్టాడు, నాకు నిద్ర పట్టడం లేదు" అని కూడికలో లేచి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ వెళ్లాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మెల్లగా చెబుతారు. సిగ్గు మరి.

అపోహ: నిజమైన విశ్వాసికి ఈ అసూయ రాదు.

వాస్తవం: బైబిల్లో 73వ కీర్తన ఆసాపు పేరు మీద ఉంది. దావీదు రాజు మందసం (దేవుని నిబంధన పెట్టె) ముందు సేవకు నియమించిన గాయకుల్లో ఆయనే పెద్ద, తాళాలు వాయించేవాడు, ఇప్పటి మాటల్లో వర్షిప్ లీడర్. అలాంటి మనిషి భక్తిహీనుల క్షేమం చూసి "మత్సరపడితిని" అని ఒప్పుకోవడమే కాదు, దాన్ని అందరూ పాడుకునే పాటగా వదిలిపెట్టాడు. దుష్టులు ఎందుకు వర్ధిల్లుతున్నారని యిర్మీయా ప్రవక్త అయితే నేరుగా దేవుణ్ణే నిలదీశాడు (12వ అధ్యాయం). నేను చూసినంతలో ఇది పట్టుకునేది నిక్కచ్చిగా బతికేవాళ్లనే. లంచం తీసుకునేవాడికి ఇంకో లంచగొండి ఇల్లు చూస్తే బాధేముంటుంది?

అన్నట్టు, 37వ కీర్తన మొదట్లో "వ్యసనపడకుము" అని ఉంటుంది. మా యూత్ పిల్లలు అది తాగుడు గురించి అనుకుంటారు. పాత తెలుగులో వ్యసనమంటే దుఃఖం, లోపల్లోపల కుమిలిపోవడం.

అపోహ: కొంచెం ఓపిక పడితే వాడే కూలిపోతాడు, అప్పుడు మన మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. నాతో పదో తరగతి చదివినవాడొకడు నలుగురి డబ్బు ఎగ్గొట్టి పైకొచ్చాడు, గృహ కూడికలకి నా పాత బండి మీద వాళ్ల వీధి గుండానే వెళ్లాలి, ప్రతిసారీ ఆ గేటు వైపు తల తిరిగేది. వాడి మీద కేసు పడిందేమోనని పేపర్ తిరగేసిన రోజులున్నాయి, వాక్యం చదవక ముందే. తర్వాత 73వ కీర్తన నిదానంగా చదివితే అర్థమైంది, 28 వచనాల్లో ఆసాపు కళ్లముందు ఒక్క దుష్టుడూ కూలలేదు. 17వ వచనంలో ఆయన పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాడు, వాళ్ల అంతం ఏమిటో అక్కడ తెలిసింది, నిజమే, కానీ అది తెలిశాక సంబరపడకుండా తనవైపు చూసుకుని "పశుప్రాయుడనైతిని" అన్నాడు. బైబిల్లోని సామెతల గ్రంథం 24వ అధ్యాయంలో కూడా దుర్జనుల్ని చూసి మత్సరపడొద్దని మొదటి వచనంలోనే ఉంది, శత్రువు పడితే సంతోషించొద్దని 17లో ఉంది. వాడి పతనం కోసం ఎదురుచూసేవాడు కూడా రోజంతా వాడి ధ్యానంలోనే ఉన్నట్టు కదా.

అపోహ: లోపల పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: ఆ వ్యసనం గురించే "అది కీడుకే కారణము" అంటుంది 37వ కీర్తన 8వ వచనం. ఒక విశ్వాసి, చిన్న కాంట్రాక్టరు, పదేళ్లు శుభ్రంగా పని చేసి ఒకరోజు దొంగ బిల్లు పెట్టాడు. డబ్బు మీద ఆశతో కాదు, ప్రతిసారీ తనే నష్టపోయి విసిగిపోయాడు. "చేతులు కడుక్కుని ఉండటం వ్యర్థమే" అని ఆసాపు అనుకున్న చోటికే వచ్చి, అక్కణ్ణుంచి పక్కదారి పట్టాడు.

అపోహ: డబ్బుందంటే దేవుడు దీవించాడనే.

వాస్తవం: ఈ తప్పు మా బోధకులదే. కారు కొన్న ప్రతివాణ్ణీ సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కిస్తే, నడిచి వచ్చే కూలీ అక్క ఏమనుకోవాలి?

అపోహ: అసూయపడొద్దంటే అన్యాయం చూసి నోరు మూసుకోవాలి.

వాస్తవం: నాబోతు అనే అతని ద్రాక్షతోట అన్యాయంగా అహాబు రాజు చేతికి చిక్కినప్పుడు దేవుడు ఏలీయా ప్రవక్తని ఆ రాజు ముందుకే పంపాడు (1 రాజులు 21). గట్టు జరిపితే సర్వేకి దరఖాస్తు పెట్టండి, అవసరమైతే కోర్టుకి వెళ్లండి. కాకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: నా పొలం నాకొస్తే చాలా, వాడి మేడ కూడా కూలాలా?

గుమ్మం దగ్గర చెప్పేవాళ్లతో నేను అనేది ఒకటే, నాకు చెప్పినట్టే, ఆ పేరుతో సహా, ఆ మేడతో సహా దేవుడికి చెప్పండి, ఆసాపులాగా. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం వద్దు. 73వ కీర్తన 15వ వచనం చూడండి, ఇదంతా పైకి ముచ్చటిస్తే దేవుని పిల్లల్ని మోసపుచ్చినట్టవుతుందని, మనసు కుదుటపడేదాకా ఆయన నోరు కట్టుకున్నాడు.

మొన్న ఆ పదో తరగతి మిత్రుడి కొత్త ఇంటి గృహప్రవేశం కార్డు వచ్చింది. వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.