వోల్గాలో బెలూగాకు దారి మూసుకుపోయింది ఎప్పుడు?

నల్ల కేవియర్, అంటే ఉప్పులో ఊరేసిన స్టర్జన్ చేప గుడ్లు, అనగానే ఇప్పటికీ రష్యా పేరే గుర్తొస్తుంది. కానీ ఆ కేవియర్‌కు పేరు తెచ్చిన బెలూగా చేపను వోల్గా నదిలో పట్టి అమ్ముకోవడం ఇవాళ నేరం. మాస్కో షాపుల్లో చట్టబద్ధంగా దొరికే డబ్బాలన్నీ ఫారాల్లో పెంచిన చేపలవే. కేవియర్ తయారీలో ప్రపంచంలో ముందున్న దేశం రష్యా కూడా కాదు, చైనా.

ఇలా ఎందుకైందంటే ఎక్కువమంది చెప్పేది ఒకటే. 1991లో సోవియట్ యూనియన్ కూలింది, దొంగవేట పెచ్చుమీరింది, చేప పోయింది. అందులో అబద్ధం లేదు. కాకపోతే కథను మధ్యలో మొదలుపెట్టినట్టు ఉంటుంది. అసలు దెబ్బ అంతకు మూడు దశాబ్దాల ముందే, వోల్గా ఒడ్డునున్న వోల్గోగ్రాడ్ నగరం దగ్గర పడింది.

వల్దాయ్ కొండల్లో పుట్టిన వోల్గా సుమారు 3,530 కిలోమీటర్లు ప్రవహించి కాస్పియన్ సముద్రంలో కలుస్తుంది. యూరప్‌లో అంత పొడవైన నది మరొకటి లేదు. కాస్పియన్‌కు నదులు తెచ్చే నీటిలో దాదాపు 80 శాతం దీనిదే. సముద్రానికి దగ్గర్లో, ఆస్ట్రాఖాన్ నగరం చుట్టుపక్కల నది వందల పాయలుగా చీలిపోతుంది. రెల్లు దుబ్బులు, కొంగలు, పెలికాన్లు, తెల్లతోక గద్దలు, వేసవి చివర్లో నీళ్ల మీద ఎకరాలకొద్దీ తామరపూలు. అవును, మన చెరువుల్లో పూసే తామరే. టోపీల్లో పెట్టుకునే ఈకల కోసం కొంగలను విచ్చలవిడిగా చంపుతున్న రోజుల్లో, 1919లో, ఇక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. అంతర్యుద్ధం నడుస్తుండగా పక్షుల గురించి ఆలోచించారంటే ఆశ్చర్యమే.

ఇక చేప. బెలూగా, రష్యన్ స్టర్జన్, సెవ్రూగా మూడూ స్టర్జన్ జాతివి. డైనోసార్ల కాలం నుంచి ఉన్న వంశం. ఒంటి మీద మామూలు పొలుసులకు బదులు ఎముక బిళ్లల వరుసలుంటాయి. 1827లో వోల్గా ముఖద్వారంలో దొరికిన బెలూగా బరువు 1,571 కిలోలని రికార్డుల్లో ఉంది. ఇవి సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతాయి. గోదావరికి పులస వచ్చినట్టే అనుకోండి. తేడా ఎక్కడంటే, బెలూగా ఆడచేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. వచ్చాక కూడా ఏటా పెట్టదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

1930ల నుంచి వోల్గా మీద వరసగా ఆనకట్టలు లేచాయి. 1941లో నిండడం మొదలైన రిబిన్స్క్ జలాశయం మొలోగా అనే ఊరినే ముంచేసింది. పైన కట్టినవాటితో స్టర్జన్లకు కొంత నష్టమే. 1958లో వోల్గోగ్రాడ్ దగ్గర నదికి అడ్డం వేయడంతో బెలూగా గుడ్లు పెట్టే చోట్లు దాదాపు అన్నీ అవతలే ఉండిపోయాయి. రష్యన్ స్టర్జన్‌కూ ఎక్కువ భాగం పోయాయి. దిగువనే గుడ్లు పెట్టే అలవాటున్న సెవ్రూగా కాస్త నయం.

ఇంజనీర్లకు ఈ సంగతి తెలియక కాదు. ఆనకట్టలో చేపలను ఎక్కించే లిఫ్టు కూడా పెట్టారు. అది ఎక్కిన చేపలు తక్కువ. ఎక్కినా అవతల ఉన్నది పారే నది కాదు, నిలవనీరు. గుడ్లు అతుక్కోవడానికి గులకరాళ్ల మీద గలగలా పారే నీరు కావాలి కదా.

దానికి విరుగుడుగా డెల్టాలో హేచరీలు పెట్టి, ఏటా కోట్లలో పిల్లలను వదిలారు. 1962లో సముద్రంలో స్టర్జన్ వేటను సోవియట్ ప్రభుత్వం ఆపేసింది, నదిలో మాత్రమే పట్టనిచ్చింది. ఫలితం చూసి అందరూ మురిసిపోయారు. 1970ల చివర్లో కాస్పియన్ స్టర్జన్ల దిగుబడి ఏడాదికి 25 వేల టన్నులు దాటింది. ఆనకట్ట వల్ల ఏమీ కాలేదనిపించింది. కానీ అప్పుడు వలల్లో పడ్డ పెద్ద చేపల్లో చాలావరకు ఆనకట్టకు ముందు పుట్టినవి. కొత్త జమ తగ్గిపోయాక పాత డిపాజిట్ తింటూ కులాసాగా ఉన్నట్టన్నమాట. 1980లలో కాలుష్యం వల్ల చేపల కండరాలు పాడైపోతున్నట్టు కూడా బయటపడింది.

1991 వచ్చింది ఆ తర్వాత. రెండు దేశాల సముద్రం ఐదు దేశాలదైంది. కాపలా సడలింది, జీతాలు ఆగిపోయిన ఊళ్లలో ఒక్క ఆడచేప దొరికితే ఏడాది గడిచిపోయేది. ఆ ఊళ్ల వాళ్లను మాత్రమే నిందించడం నాకు సబబుగా అనిపించదు. వాళ్లు ఖాళీ చేసింది అప్పటికే అడుగంటుతున్న గాదెను.

తర్వాతవి ఆంక్షల సంవత్సరాలు. 1998 నుంచి స్టర్జన్ల అంతర్జాతీయ వ్యాపారమంతా, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం కిందకు వచ్చింది. 2005లో కాస్పియన్ బెలూగా కేవియర్ దిగుమతిని అమెరికా ఆపేసింది. 2007లో రష్యా, ఫారాల్లో కాక నదిలో, సముద్రంలో పట్టిన చేపల నల్ల కేవియర్ అమ్మకాన్నే నిషేధించింది. ఇంకోవైపు హేచరీలకు జన నిండిన తల్లిచేపలే దొరక్క, తమ చెరువుల్లోనే వాటిని పెంచుకోవాల్సిన స్థితి వచ్చింది. 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్, ప్రపంచంలో మిగిలిన 26 స్టర్జన్ జాతులూ ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది.

వేట ఆగితే సగం పనే. మిగతా సగం నీటిది. ఒకప్పుడు వసంతంలో మంచు కరిగి వచ్చే వరద దిగువ మైదానాలను వారాల తరబడి ముంచేది. ఆ పలుచటి, వెచ్చటి నీళ్లలో గడ్డికి అంటించి కార్పులు, బ్రీమ్‌లు, రష్యన్లు ఎండబెట్టి బీరుతో నంజుకునే వోబ్లా గుడ్లు పెట్టేవి. ఇప్పుడు శీతాకాలం కరెంటు కోసం జలాశయాలు ఆ వరదను పట్టి ఉంచుతాయి. చేపల కోసం ఏటా ఏప్రిల్, మే నెలల్లో వోల్గోగ్రాడ్ నుంచి ప్రత్యేకంగా నీళ్లు వదులుతారు. ఎన్ని రోజులు, ఎంత అన్నదాని మీద విద్యుత్తు వాళ్లకూ, పడవల వాళ్లకూ, చేపల వాళ్లకూ ఏటా తగాదానే. గేట్లు తొందరగా దించితే నీరు లాగేసి, గడ్డి మీది గుడ్లు ఎండకు ఎండిపోతాయి. పైగా 1990ల మధ్య నుంచి కాస్పియన్ మట్టమే తగ్గుతోంది. స్టర్జన్ పిల్లలు మేతకు వెళ్లే ఉత్తర కాస్పియన్ సగటు లోతు ఐదారు మీటర్లే.

ఆనకట్టకు దిగువన సముద్రం దాకా దాదాపు 500 కిలోమీటర్ల నది మిగిలింది. స్టర్జన్లు సొంతంగా గుడ్లు పెట్టే చోట్లు ఏమైనా ఉంటే ఆ ముక్కలోనే.