బొమ్మలు వేసే పిల్లలకు ఒక డ్రాయింగ్ సారు ఉత్తరం

నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు బడుల్లో తొమ్మిది, పది తరగతులు చదువుతున్న పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఒక బడిలో బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్ళినప్పుడు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి, "సార్, మా అన్న ఇంజినీరింగ్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తుండు, బొమ్మలేసేటోళ్ళకు గూడ అసొంటిది ఉంటదా?" అని అడిగింది. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు గనుక ఇంటికి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉంటుంది. పేరు కొత్తదే గాని పద్ధతి పాతది. పని తెలిసినవారి పక్కన కొన్నాళ్ళు ఉండి, వారు చేసేది చూస్తూ, చెప్పినంత చేస్తూ, ఆ పనితో బతుకు ఎట్లా సాగుతుందో తెలుసుకోవడమే ఇంటర్న్‌షిప్. బొమ్మ గీయడం నేను బడిలో నేర్పగలను. ఆ బొమ్మకు ఎవరు డబ్బిస్తారు, ఎంత ఇస్తారు, నచ్చలేదంటే మళ్ళీ ఎన్నిసార్లు గీయాలి అన్నవి మాత్రం పని జరిగే చోటనే తెలుస్తాయి.

నేను తొమ్మిదో తరగతి ముగిసిన వేసవిలో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బోర్డులు రాసే ఒక ఉస్తాద్ వద్ద చేరాను. మొదటి నెల ఆయన నా చేతికి కుంచె ఇవ్వలేదు. కిరోసిన్‌లో కుంచెలు కడగడం, రేకును ఉప్పుకాగితంతో రుద్దడం, నూలుదారానికి సుద్దపొడి పట్టించి బోర్డు మీద గీత కొట్టడం, ఇవే నా పనులు. రెండో నెలలో 'కిరాణా' అని రాయమన్నాడు. నేను స్కేలు పెట్టి అక్షరాల మధ్య సమానంగా ఖాళీ వదిలి రాస్తే, ఆయన కిరోసిన్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిచేసి, ఖాళీని కొలవవలసింది కంటితో గాని స్కేలుతో కాదని చెప్పాడు. గుడికి పైన, ఒత్తుకు కింద చోటు ముందే చూసుకోవాలనీ, దీర్ఘం పక్క అక్షరం మీదికి పోకుండా ఆపాలనీ ఆ వేసవిలోనే నాకు తెలిసింది. తరువాత ఫ్లెక్సీలు వచ్చి ఆ దుకాణం మూతపడింది. అయినా ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని పెండ్లి పత్రికలు తయారుచేసే పిల్లవాడికి కావలసింది కూడా ఆ కంటి కొలతే. చాలా ఫ్లెక్సీల మీద అది కనబడదు. ఈ మాట అనకుండా ఉండలేకపోతున్నాను.

అక్కడ నాకు చోటు దొరకడానికి కారణం నా ప్రతిభ కాదు. మా నాయన సైకిల్ దుకాణం ఆ పక్కనే ఉండేది. ఇది మీరు గమనించాలి. చేనేత ఇంట్లో పుట్టిన బిడ్డకు మగ్గమే బడి, పట్నంలో డబ్బున్న బిడ్డకు తండ్రి స్నేహితుడి స్టూడియో ఉంటుంది. అమ్మానాయనలు కూలికి బొంబాయి పోయిన పాలమూరు పిల్లవాడికి, చేతిలో ఎంత కళ ఉన్నా, తలుపు తట్టడానికి తెలిసినవాళ్ళే ఉండరు. ఆ తెలిసినవాళ్ళ స్థానంలో బడి నిలబడాలన్నదే నేను ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్న విషయం.

ఇందుకు ఇప్పుడు ఆధారం కూడా ఉంది. 2020 నాటి జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు ఏదో ఒక సమయంలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, చిత్రకారులు వంటి స్థానిక పనివారి దగ్గర నేర్చుకోవాలని రాశారు. అటువంటి అవకాశాలు సెలవు రోజులతో సహా పన్నెండో తరగతి దాకా ఉండవచ్చని కూడా అందులోనే ఉంది. కాబట్టి పనివారి దగ్గరికి పంపమని మీరు హెడ్‌మాస్టరుగారిని అడిగితే అది కొత్త కోరికేమీ కాదు.

ఎక్కడికి పోవాలంటే, మన చుట్టూనే ఉన్నాయి. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినా మా తరానికి అవి నల్లగొండ ఊళ్ళే. అక్కడ చీర మగ్గం మీద మొదలు కాదు, గళ్ళ కాగితం మీద మొదలవుతుంది. డిజైన్‌ను గళ్ళలో గీసి, ఆ లెక్క ప్రకారం నూలుకు రబ్బరు ముక్కలతో కట్లు కట్టి రంగులో ముంచితే, కట్టు ఉన్నచోట రంగు అంటదు. నేసినప్పుడు ఆ ఖాళీలే కలిసి పువ్వవుతాయి. బొమ్మా లెక్కా రెండూ వచ్చిన పిల్లలకు ఇంతకంటె మంచి చోటు నాకు తెలియదు. పుట్టపాకలో ఇట్లాగే కట్లు కట్టి నేసే తేలియా రుమాలు అనే బట్టకు నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ నానబెడతారు. దానికి 2020లో, ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి తిప్పుతూ ఆసు పోసే (కట్లు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుట్టే) తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పని పక్కన కూర్చుని చూసిన కన్ను ఎంత దూరం పోగలదో ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

పాలమూరు వైపు పిల్లలకు గద్వాల, నారాయణపేట మగ్గాలున్నాయి. నూలు చీరకు పట్టు అంచును ఎట్లా కలుపుతారో గద్వాలలో దగ్గరుండి చూడండి. సంగీతం మీద మనసున్నవారు దామరగిద్దలో బుర్రవీణ అనే తంతి వాద్యం వాయించే కళాకారుడు దాసరి కొండప్ప గారి గురించి తెలుసుకోండి. 2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం, మ్యూజియం ఉన్నాయి. పాలమూరు వైపు అలంపురంలో చాళుక్యుల గుళ్ళున్నాయి. శిల్పాలను చూసి గీయడం, వాటి పక్కన పెట్టే వివరణ పలకలను తేట తెలుగులో రాయడం కూడా కళారంగంలో ఉద్యోగాలే. ఫొటో స్టూడియోలు, నాటక సమాజాలు మీ ఊళ్ళోనే ఉంటాయి గనుక వాటి గురించి వేరే చెప్పను.

ఒక హెచ్చరిక. నేర్చుకోవడం వేరు, వెట్టి వేరు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. పద్దెనిమిది నిండేదాకా ప్రమాదకరమైన పనులలో పెట్టుకోరాదు. అందుచేత బడి నుంచి ఉత్తరం, ఇంటివారి సమ్మతి, వెళ్ళే వేళ, తిరిగివచ్చే వేళ రాతపూర్వకంగా ఉండాలి. రంగుల తొట్ల దగ్గర, రాయి చెక్కే దుమ్ములో మీరు చూసేవారుగానే ఉండండి. రోజంతా చాయ్ తెమ్మని తిప్పేవారి దగ్గర రెండో రోజే మానేయండి. కుంచెలు కడగమంటే మాత్రం కడగండి, అది పనిలో భాగమే.

వెళ్ళిన ప్రతిరోజూ ఒక నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి: ఏం చూశారు, ఏం చేశారు, ఆ వస్తువుకు ఎంత ఖర్చయి ఎంతకు అమ్ముడుపోయింది. పక్కన ఒక చిన్న బొమ్మ గీయండి, అదీ ఇంటికి వచ్చాక, చూడకుండా. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరువాత నాలుగేళ్ళ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. దాని ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం నుంచి గీయడం ఒక భాగం. అంత కాలం ఆగలేనివారికి ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలున్నాయి. నేను డ్రాయింగ్ సారునయ్యింది ఆ దారినే.

దసరా సెలవులకు ముందే మీ ఊరి చుట్టుపక్కల పనివారి పేర్లు ఒక కాగితం మీద రాసి హెడ్‌మాస్టరుగారికి ఇవ్వండి. ఆ అమ్మాయి ఇప్పటికే నాలుగు పేర్లు రాసి నాకు పంపింది. అందులో ఒకరు నా ఉస్తాద్ మనుమడు, ఫ్లెక్సీ దుకాణం నడుపుతున్నాడట. అతనితో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ డ్రాయింగ్ సారు