రెండింట్లో అమ్మ ఏది?

విశాఖపట్నం

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నువ్వు రాసిన కాగితాన్ని మీ అమ్మ ఫొటో తీసి ఫోనులో పంపింది. మీ గాజు తొట్టెలో రాతిని పట్టుకుని పువ్వులా కనిపించే సముద్రపు జంతువు, అనిమోన్ గురించి రాశావు. అక్షరాలు కాస్త అటూ ఇటూ ఒరిగినా ప్రశ్న మాత్రం నిటారుగా ఉంది. "తాతయ్యా, మా అనిమోన్ రాత్రికి రాత్రి రెండయింది. రెండింట్లో అమ్మ ఏది, పాప ఏది? నాన్నని అడిగితే కంప్యూటర్‌లో వెతుక్కో అన్నాడు." చిన్నప్పుడు మీ నాన్న అడిగిన ప్రశ్నలకు నేనూ అలాగే జవాబు చెప్పి ఉంటే వాడు ఇవాళ టెక్సాస్‌లో ఉండేవాడు కాదు. సరే, అది పెద్దవాళ్ల గొడవ, నువ్వు వదిలెయ్యి.

ఉద్యోగమంతా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ని. నల్లబల్ల మీద బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, పేర్లు వల్లె వేయించడం నాకు బాగా వచ్చు. ఇప్పుడు ఆ పని చెయ్యను. నీకు అరటి చెట్టు గురించి చెబుతాను.

మా ఊరు కోనసీమలో, రావులపాలేనికి దగ్గర. మీ ముత్తాత భూమిలో సగం కొబ్బరి, సగం అరటి. అరటికి విత్తనం వెయ్యరు. నువ్వు తినే పండును అడ్డంగా కోసి చూడు, మధ్యలో నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి గింజలు కావలసినవే, ఎదగలేదు. మరి కొత్త చెట్టు ఎలా వస్తుంది? నేల కింద దుంప ఉంటుంది. చెట్టు గెల వేసే లోపే ఆ దుంపకు పక్కల నుంచి పిలకలు లేస్తాయి. సన్నటి ఆకులున్న పిలకను చూసి, గునపంతో దుంప ముక్కతో సహా పెళ్లగించి, ఇంకో గోతిలో నాటుతారు. అంతే. చక్కెరకేళి పిలక నాటితే చక్కెరకేళే వస్తుంది, అమృతపాణి నాటితే అమృతపాణే. పిలక కొత్త చెట్టు కాదు, పాత చెట్టే ఇంకో చోట లేచిందన్నమాట.

నాకు నీ అంత వయసున్నప్పుడు మా నాన్నను అడిగాను, మన పెరట్లో చక్కెరకేళి వయసెంత అని. "ఈ బోదెకా? ఏడాది ఉంటుంది" అన్నాడు. మరి దాని తల్లికి? "అంతకు ముందు ఏడాదిది." దాని తల్లికి? అలా వెనక్కి వెళ్లి వెళ్లి మా తాత తెచ్చి నాటిన పిలక దగ్గర ఆగాం. ఆయనకు ఎవరిచ్చారని అడిగేసరికి నాన్నకు ఓపిక అయిపోయింది. "వెళ్లి గొడ్లకు గడ్డి వెయ్యి" అన్నాడు. గడ్డి వేస్తూ కూడా అదే ఆలోచించాను. పెరట్లో ఉన్నది ఏడాది చెట్టా, మా తాత కంటే పాత చెట్టా?

ఇప్పుడు మీ గాజు తొట్టె దగ్గరకు వద్దాం. మీ దగ్గర ఉన్నది బబుల్ టిప్ అనిమోన్. స్పర్శకాల, అంటే నోటి చుట్టూ వేళ్లలా ఆడే వాటి, కొనలు ఉబ్బి ఉంటాయి గనుక ఆ పేరు. అది చీలేటప్పుడు నువ్వు నిద్రపోయావు కాబట్టి ఏం జరిగి ఉంటుందో చెబుతాను. ముందు దాని పాదం, అంటే రాతిని పట్టుకునే అడుగు భాగం, రెండు వైపులకు జరగడం మొదలుపెడుతుంది. ఒక కొస ఇటు లాగుతుంది, ఇంకో కొస అటు. గుండ్రంగా ఉన్న శరీరం పొడుగ్గా సాగుతుంది. నోరు కూడా సాగి తెరుచుకుంటుంది. చివరికి మధ్యలో చిరుగుతుంది. శుభ్రంగా కోసినట్టు ఉండదు. అంచులు పీలికలై, లోపలి పొరలు బయటికి వేలాడుతూ, చూసినవాళ్లకు చచ్చిపోతోందనే అనిపిస్తుంది. కొన్నిసార్లు కొన్ని గంటల్లో అయిపోతుంది, కొన్నిసార్లు రోజులు పడుతుంది. తరువాత ప్రతి సగమూ చిరిగిన అంచులను లోపలికి మడుచుకుని కలిపేసుకుంటుంది. సగం నోరే దక్కిన ముక్క మిగతా నోరు తయారు చేసుకుంటుంది. కొన్నాళ్లకు రెండూ గుండ్రంగా, నిండుగా తయారవుతాయి.

కాబట్టి బుజ్జీ, అందులో అమ్మా లేదు, పాపా లేదు. రెండూ ఆ పాతదే.

చంటి అడిగినట్టు, ఎందుకు చీలింది? బాగా తిని, బాగా పెరిగి చీలవచ్చు. ఏదో ఇబ్బంది కలిగి కూడా చీలవచ్చు. మీ నాన్న ఆ వారమే తొట్టెలో నీళ్లు సగానికి సగం మార్చాడని రాశావు. ఆ మార్పు దానికి నచ్చి ఉండదని నా అనుమానం. వాడికి చెప్పు, కొంచెం కొంచెంగా మార్చమని. ఉప్పుదనం, అంటే మంచినీటితో పోల్చిన నీటి బరువు, 1.025 దగ్గర, వేడి 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కదలకుండా ఉంటే దానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అరటిని నేను ఇంకా వదలను. అరటి ఆకు ఎండతో తిండి వండుకుంటుందని మీ బడిలో చెప్పే ఉంటారు. అనిమోన్ జంతువు, దానికి ఆకులు లేవు. అయినా ఎండను తింటుంది. దాని కణాల లోపల కంటికి కనిపించనంత చిన్న శైవలాలు, అంటే నాచు లాంటివి, కాపురముంటాయి. గోధుమ రంగు వాటిదే. అవి వెలుతురులో తిండి తయారు చేసి ఇంటి అద్దె కట్టినట్టు అనిమోన్‌కు ఇస్తాయి. అందుకే రోజుకు ఎనిమిది, పది గంటలు మంచి దీపం వెలగాలి. నీళ్లు మరీ వేడెక్కినా, వెలుతురు చాలకపోయినా ఆ శైవలాలు పోయి అనిమోన్ తెల్లబడుతుంది. తెల్లటి అనిమోన్ కొట్లో ఎంత అందంగా కనిపించినా అది ఆకలితో ఉన్నదని గుర్తుపెట్టుకోండి.

అరటి నడుస్తుంది కూడా. నవ్వకు చంటీ! పిలక ఎప్పుడూ పక్కనే లేస్తుంది కదా, కొన్నేళ్లకు పొద మొత్తం మొదట నాటిన చోటు నుంచి జరిగిపోతుంది. మా పెరట్లో ఒక పొద అలాగే బావి గట్టు దాకా వచ్చింది. అనిమోన్‌కు అంత ఓపిక లేదు. చోటు నచ్చకపోతే ఒక్క రాత్రిలో పాదం జారుస్తూ తొట్టె ఇటు నుంచి అటు పోతుంది. ఆ దారిలో నీళ్లు తిప్పే పంపు ఉంటే దాని నోట్లో పడి ముక్కలవుతుంది. ఇళ్లలో అనిమోన్లు చచ్చిపోయే కారణాల్లో ఇదొకటి. పంపు చుట్టూ స్పాంజి తొడిగారో లేదో ఇవాళే చూడండి. రాళ్ల మధ్య పాదం దూర్చుకోవడానికి లోతైన సందు ఉంటే చాలావరకు అక్కడే కుదురుకుంటుంది.

ఇంకో రెండు ఇంటి సంగతులు. తొట్టెలో నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పునీళ్లు పొయ్యకూడదు, శుద్ధి చేసిన మంచినీళ్లే పొయ్యాలి. నీరు ఆవిరైపోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. రెండోది, మీ నానమ్మ రాగి చెంబులో నీళ్లు తాగితే మంచిదంటుంది. మనకేమో గానీ అనిమోన్‌కు రాగి విషం. చేపల జబ్బులకు వాడే మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది. వాటిని ఆ తొట్టెలో వెయ్యకూడదు.

ఇక ఇక్కడ అరటి నన్ను వదిలేస్తుంది. గెల కోసిన తరువాత బోదె పని అయిపోయినట్టే, నరికేస్తారు. తల్లి పోతుంది, పిలక మిగులుతుంది. అనిమోన్ అలా కాదు. స్కాట్లండ్‌లో జాన్ గ్రాహం డాలియెల్ అని ఒక పెద్దమనిషి 1828లో నార్త్ బెర్విక్ అనే ఊరి ఒడ్డున ఒక ఎర్ర అనిమోన్‌ను పట్టుకుని ఎడిన్‌బరో తెచ్చుకున్నాడు. గాజు పాత్రలో సముద్రపు నీళ్లు పోసి పెంచాడు. పంపు లేదు, దీపం లేదు. నీళ్లు మార్చడం, అప్పుడప్పుడూ ఆల్చిప్ప మాంసం ముక్క పెట్టడం, అంతే. ఆ రకానికి వెలుతురు తిండి అక్కర్లేదు. మీదానిలా అది చీలదు కూడా. కడుపులో పిల్లలను పెంచి నోటి గుండా బయటికి వదులుతుంది. అలా వందల పిల్లలను కన్నది. 1851లో డాలియెల్ చనిపోయాడు. అనిమోన్ చనిపోలేదు. చేతులు మారుతూ బతికి, గ్రానీ అని పేరు తెచ్చుకుని, 1887లో పోయింది. పోయినప్పుడు పత్రికల్లో వార్త వచ్చింది.

ఒడ్డున దొరికేటప్పటికే దానికి ఎన్నేళ్లో లెక్క లేదు. ఇప్పుడు మీదాని సంగతి ఆలోచించు. అది కొట్టుకు రాక ముందు ఎవరి తొట్టెలోనో చీలిన సగం అయి ఉండవచ్చు. అంతకు ముందు ఇంకెవరి తొట్టెలోనో. మొదటిది ఏ పగడపు దిబ్బ మీద పుట్టిందో! సముద్రంలో వీటికి ఆడా మగా ఉంటాయి. గుడ్లు, వీర్యం నీటిలోకి వదిలితే, పుట్టిన డింభకాలు, అంటే బుల్లి పిల్లలు, ఈదుకుంటూ పోయి ఎక్కడో అంటుకుంటాయి. ఇళ్లలో అది జరగడం చాలా అరుదు, చీలికలే దిక్కు. నేను ఇంత చదివీ మీదాని వయసు చెప్పలేను. గడ్డి వెయ్యమని మాత్రం అనను.

ఒకే ప్రాణి రెండు చోట్ల ఉండటంలో ఒక చిక్కు ఉంది. మా ఊళ్లో అమృతపాణి అంటే అందరికీ ప్రాణం. దానికి పనామా తెగులు వస్తుంది. కింది ఆకులు పసుపు తిరిగి, కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి. బోదె కోసి చూస్తే లోపల ఎర్రటి చారలు. ఒక చెట్టుకు వస్తే పక్క చెట్టు తట్టుకోలేదు, ఎందుకంటే పక్క చెట్టూ అదే చెట్టు. మీ దేశంలో ఒకప్పుడు అందరూ తిన్న గ్రో మిషెల్ అనే అరటి ఇదే తెగులుకు తోటలకు తోటలు పోగొట్టుకుని, 1960ల నాటికి బజారులో కనిపించకుండా పోయింది. దాని చోటికి వచ్చిన కావెండిషే ఇప్పుడు మీ టిఫిను డబ్బాలో ఉన్నది.

మా ఊళ్లో ఒకరి తోట పోతే ఇంకొకరు పిలకలు ఇచ్చేవాళ్లు. ఊరవతల, తెగులు లేని నేలలో ఉన్నవాళ్ల దగ్గర అదే చెట్టు దొరికేది. దానికి డబ్బు తీసుకోవడం మా నాయనమ్మకు నచ్చేది కాదు. "పిలక ఇస్తే మన చెట్టు వాళ్లింట్లో దాచుకున్నట్టు" అనేది. మీ నాన్న ఆఫీసులో ఇంకొకాయన ఇలాంటి తొట్టె పెట్టాడని రాశావు. ఆరు నెలలు దాటిన తొట్టె అయితే ఒకటి ఆయనకు ఇచ్చేయండి. కొత్త తొట్టె అయితే ఇవ్వకండి. చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియాను సరిచేసే బ్యాక్టీరియా రాళ్ల మీద కుదురుకోవడానికే నెలలు పడుతుంది. రేపు మీ ఇంట్లో కరెంటు పోయి పంపు ఆగినా, మీ అనిమోన్ ఆయన ఇంట్లో బతికే ఉంటుంది. గోళ్లతో పీకకండి, పాదం చిరిగితే బతకడం కష్టం. చిన్న రాయి మీద ఉంటే రాయితో సహా ఇవ్వండి. కొంతమంది త్వరగా పెంచి అమ్ముకోవడానికి బ్లేడుతో నిలువునా కోస్తారు. బతుకుతాయి, నిజమే. దానంతటది చీలేదాకా ఆగలేనివాళ్లు అరటిని పెంచుకోవడం మేలు.

సంక్రాంతికి వచ్చినప్పుడు సముద్రం పోటు తగ్గిన వేళ చూసుకుని జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గరకు తీసుకెళతాను. మడుగుల్లో అనిమోన్లు ఉంటాయి. మీవాటి అంత రంగు ఉండదు, ఒంటికి ఇసుక, గవ్వల ముక్కలు అంటించుకుని రాతిలో కలిసిపోతాయి. యూనివర్సిటీలో చదివే రోజుల్లో వాటి మీద మొదటిసారి వేలు పెట్టాను. జిగురుగా పట్టుకుంది. అది జిగురు కాదు. వందల దంశకణాలు, అంటే కుట్టే కణాలు, ఒక్కసారి దారాలు విసిరి వేలిని పట్టుకున్నాయి. వేలి చర్మం మందం కాబట్టి నొప్పి లేదు. కంటికి మాత్రం ఆ చెయ్యి తగలనివ్వకూడదు. మీ క్లౌన్ చేప ఒంటి మీద ఉన్న జిగట పొర వల్ల ఆ దారాలు దాని మీద పడవు, అందుకే అనిమోన్ మధ్య హాయిగా దొర్లుతుంది. ఒడ్డున చూద్దాం, తాకుదాం, ఏదీ డబ్బాలో వేసుకుని తేవద్దు. పగడాలను తీయడం మన దేశంలో 2001 నుంచి చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అటుంచి, ఆ మడుగులో వాటిని చూసే పిల్లలు మీ తరువాత కూడా వస్తారు.

ఈలోగా మీకో పని. చీలికలు పూర్తిగా మూసుకునేదాకా, ఒక వారం పైనే, ఏమీ పెట్టకండి. తరువాత గోరంత రొయ్య ముక్క ఒకదానికే పెట్టండి. పెట్టేది బుజ్జి, రెండోదాన్ని చూసేది చంటి. తిండి పడని దాని స్పర్శకాలు కదులుతాయా? కదిలితే రొయ్య వాసన నీళ్లలో కొట్టుకొచ్చి కదిలాయా, లేక ఇంకేమైనానా? పంపు తిరుగుతుండగా ఒకసారి, ఆపి ఒకసారి చూడండి. తేడా ఏమిటో ఫోనులో చెప్పవద్దు, కాగితం మీద రాయండి. పంపు మళ్లీ వెయ్యడం మరిచిపోకండి.

మీ తాతయ్య